ఆ ఇంటి కప్పు మళ్ళీ ఎవరు కప్పారు

శనివారం మధ్యాహ్నం, ముందుగది. ప్రార్థన మందిరం కప్పు మీదినుంచి పడి నడుము కింద చచ్చుబడిన పెంకుల పనివాడు నాలుగు నెలలుగా మంచం మీదే ఉన్నాడు. పంతొమ్మిదేళ్ళు అతనికి జతగా పనిచేసిన అక్క మొగుడు ప్రతి శనివారం వచ్చి, మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు స్టూలు మీద గంటసేపు కూర్చుని వెళ్ళిపోతాడు.

"అది కాదు బావా నేనడిగేది. ఆ ఇంటి కప్పు మళ్ళీ ఎవరు కప్పారు అని."

"ఏ ఇంటి కప్పు?"

"ఇందాకణ్ణుంచి నేను ఎవరికి చెబుతున్నాను, గోడకా? సువార్తలో ఇల్లు. కాళ్ళూ చేతులూ పడిపోయినవాణ్ణి నలుగురు మంచంతో సహా మోసుకెళ్ళలేదూ. గుమ్మం దాకా జనమే జనం, దూరడానికి సందు లేక, ఇంటి మీదికెక్కి కప్పు విప్పి, ప్రభువు కూర్చున్నచోటికి దింపలేదూ."

"ఆ. అదా."

"అదే. వాడు లేచాడు. మంచం ఎత్తుకున్నాడు. ఇంటికి పోయాడు. ఇలాంటిది ఎప్పుడూ చూళ్ళేదని జనమంతా దేవుణ్ణి పొగిడారు. వాళ్ళూ ఇళ్ళకి పోయారు. మరి కప్పు?"

"రాయలేదేమో."

"రాయలేదు. పడుకుని పడుకుని అన్నీ చదివాను. మత్తయి అసలు కప్పు ఊసే ఎత్తలేదు. మార్కు విప్పారన్నాడు. లూకా అయితే పెంకులు తీశారన్నాడు. పెంకులు, బావా. మన పెంకులు."

"ఊ."

"తీసిన సంగతి రాశారు. తిరిగి పేర్చిన సంగతి ఒక్కరూ రాయలేదు."

"వాళ్ళు పెంకులవాళ్ళు కాదుగా."

"అదీ. ఇవాళ నీ నోట్లోంచి వచ్చిన మొదటి నిండు మాట. అక్కకి చెబితే పండగ చేసుకుంటుంది."

"అక్క నిన్ను నీళ్ళు బాగా తాగమంది."

"తాగుతున్నాను. లోపలికి పోవడం నాకు తెలుస్తుంది, తర్వాత సంగతి మా ఆవిడకి తెలుస్తుంది. నువ్వు మాట మార్చకు. ఆ ఇంటివాడి గతేంటి? వాడేం పాపం చేశాడు? ఇంటికి పెద్దాయన వచ్చాడని సంబరపడి తలుపు తీశాడు. నెత్తిన మన్ను పడింది. తలెత్తితే ఆకాశం."

"నలుగురూ ఉన్నారుగా. వాళ్ళే కప్పి ఉంటారు."

"కాళ్ళొచ్చిన స్నేహితుడు ముందు గెంతుకుంటూ పోతుంటే, వెనక నిలబడి పెంకులు పేర్చారంటావా?"

"పేర్చాలి. విప్పినవాళ్ళే పేర్చాలి."

"నేనూ అదే అనుకుంటున్నాను. అందుకే అడిగాను."

"ఏం అడిగావు?"

"ఏం లేదు. ఈ కథంటే నాకు విసుగొచ్చేసింది బావా. వచ్చిన ప్రతివాళ్ళూ ఇదే చదువుతారు. మొన్న పాస్టరు అయ్యగారు. నిన్న స్త్రీల సమాజం వాళ్ళు, ఆరుగురు. అటుమొన్న పాలాయన కూడా. చదవడం అవగానే అందరూ ఒక్కసారి నా కాళ్ళకేసి చూస్తారు. కదులుతాయేమోనని. నాకే మొహమాటంగా ఉంటుంది, ఇంటికొచ్చినవాళ్ళని ఉత్త చేతులతో పంపుతున్నట్టు."

"నొప్పిగా ఉందా?"

"ఎక్కడ?"

"కాళ్ళు."

"కాళ్ళున్నాయని దుప్పటి ఎత్తు చూసి తెలుసుకుంటున్నాను. ఏదీ, బొటనవేలు నొక్కు."

"నొక్కాను."

"నొక్కావా?"

"ఆ."

"గట్టిగా నొక్కు."

"గట్టిగానే."

"నొక్కానంటే నమ్మాలి మరి. విశ్వాసమంటే ఇదే కాబోలు."

"ఊ."

"నవ్వొచ్చు. నవ్వితే పన్నేం లేదు."

"నవ్వాను."

"ఎప్పుడు?"

"ఇందాక."

"సరే. మందిరం కప్పులో నేను పడ్డ కన్నం మీద కప్పిన టార్పాలిన్ పట్టా అలాగే ఉందా?"

"ఉంది."

"మొన్నటి గాలికి?"

"ఓ మూల లేచింది. కింద నుంచి అయ్యగారు కర్రతో నెట్టారు."

"ఆయన నెట్టారు. నువ్వెక్కడున్నావు?"

"అక్కడే. కర్ర అందించాను."

"పెంకులు పేర్చే చేతులు కర్ర అందించాయి. బాగుంది. వచ్చేవారం నుంచి వానలట, రేడియోలో చెప్పారు. రొట్టె, ద్రాక్షరసం పెట్టే ప్రభువు బల్ల ఎక్కడ పెట్టారు?"

"గోడవారకి జరిపారు. నీళ్ళు పడతాయని."

"నేను పడింది దాని ముందేగా. ఆ నలుగురూ తాళ్ళు కట్టి మెల్లగా దింపారు. నేను తాళ్ళు లేకుండా నేరుగా దిగాను. కప్పులోంచి బల్ల ముందుకి. అంత విశ్వాసం వాళ్ళకి కూడా లేదు."

"అలా అనకురా."

"కన్నం ఎంతుంది బావా?"

"రెండు బారలు."

"పెంకులు?"

"తొంభై దాకా. నాలుగు వాసాలు. ఆ పైన, కప్పు నెత్తిన కొప్పు మీద ఒకటి."

"ఒక్కటేనా? కొప్పు చివర మూడు మిగల్లేదూ?"

"రెండు పెట్టావుగా."

"ఆ. రెండు పెట్టాను. నీకెలా తెలుసు?"

"కనబడతాయిగా. కింద నుంచి."

"రెండు రోజుల పని. ఎక్కు బావా."

"ఎక్కను."

"ఎందుకని?"

"మోకాలు."

"ఏ మోకాలు?"

"కుడిది."

"పోయిన వారం ఎడమదన్నావు."

"రెండూ."

"రెండు మోకాళ్ళూ నొప్పంటున్నావు. అదృష్టవంతుడివి."

"వేరేవాళ్ళని పిలుచుకోమన్నాను."

"అయ్యగారు ఏమన్నారో తెలుసా నీకు? ఎవరినీ పిలవం, మీ బావ ఎప్పుడెక్కితే అప్పుడే అన్నారు. అప్పటిదాకా గొడుగులేసుకుని ప్రార్థన చేస్తారట."

"ఆయన మంచాయన."

"మంచాయనే. తడుస్తాడు. అసలు సంగతి చెప్పనా, నీకు నడుముకి తాడు కట్టేవాడు లేడు. అంతే కదా?"

"ఎవరు కడతారు?"

"నేను కడతాను."

"నువ్వా."

"చేతులకేం రోగం. రేపు ఆరాధన అయ్యాక నలుగురిని పట్టు. నన్ను మంచంతో సహా మోసుకెళ్ళండి. కన్నం కింద దింపండి. నువ్వు వచ్చి నా పక్కన నిలబడు, ముడి నేను వేస్తాను. నిచ్చెనెక్కు. సువార్తలోవాడు మంచం మీద వెళ్ళి కాళ్ళు తెచ్చుకున్నాడు. నేను కాళ్ళు అడగడానికి వెళ్ళను. పనికి వెళ్తాను."

"వద్దు."

"జనం నవ్వుతారనా?"

"వద్దురా."

"అయితే నేను నీ ముడి వేయడానికి పనికిరాననా?"

"ముడి సంగతి వదిలెయ్."

"సరే, వదిలేశాను. బల్ల సంగతి చెప్పు. నాలుగు నెలలుగా రొట్టె పళ్ళెం నీ వరసకి వచ్చేసరికి లేచి బయటికి పోతున్నావట."

"ఎవరన్నారు?"

"అక్క."

"మీ అక్క నోట్లో నువ్వుగింజ నానదు. లోపల గాలాడటం లేదు, అందుకని."

"కప్పుకి రెండు బారల కన్నముంటే గాలాడటం లేదా?"

"నువ్వు మాత్రం? అయ్యగారు ఆ రొట్టె ఇంటికి తెస్తే వద్దన్నావట."

"ఎవరన్నారు?"

"మీ అక్కే."

"నువ్వన్నది నిజమే, నానదు. నాకు కడుపు బాగోలేదు."

"మూడుసార్లూనా?"

"మంచంలో ఉన్నవాడి కడుపు అలాగే ఉంటుంది. ఇదిగో, మా ఆవిడ వచ్చింది."

"రెండయిందండీ. పక్కకి తిప్పాలి. వేడినీళ్ళు తెచ్చాను. అన్నయ్యా, మీరు ఒక చెయ్యి వేస్తారా, పక్కింటాయన్ని పిలవనా?"

"వేస్తానమ్మా."

"భుజాల కింద చేతులు పెట్టండి. నేను మోకాళ్ళు పట్టుకుంటాను. మూడు అనగానే తిప్పాలి."

"ఊ."

"గట్టిగా పట్టుకోండి. జారనివ్వకండి."

"ఏమే."

"నేనేమన్నానండీ? జారనివ్వకండి అన్నాను. అది కూడా అనకూడదా?"

"పట్టుకున్నానమ్మా."

"పట్టుకున్నామనే అంటారు ఎవరైనా. ఒకటి. రెండు. మూడు."

"మెల్లగా బావా. ఆ. అయింది. మెడ కింద దిండు."

"నడుం దగ్గర ఎర్రబడింది చూశారా, అన్నయ్యా? ఇలాగే ఉంటే పుండు పడుతుందని డాక్టరు చెప్పాడు. రెండు గంటలకోసారి తిప్పాలి. పగలూ, రాత్రీ. రాత్రిళ్ళు నేనూ, మా పాపా తిప్పుతాం. అది మూడు అనేలోపే నిద్రపోతుంది."

"రాత్రిళ్ళు నేను వస్తానమ్మా."

"ఎందుకులెండి. అలవాటైపోయింది. మీకు టీ పెట్టనా?"

"వద్దమ్మా."

"వద్దంటారని తెలుసు. అందుకే నీళ్ళు పెట్టలేదు. దుప్పట్లు ఆరెయ్యాలి, మేడ మీదికి పోతున్నాను. ఏమైనా కావాలంటే కేకెయ్యండి."

"వెళ్ళిందా బావా?"

"వెళ్ళింది."

"మెట్లెక్కేసిందా?"

"ఆ."

"నన్ను గోడవైపు తిప్పారు. నీ మొహం కనబడటం లేదు."

"ఇటు తిప్పనా?"

"వద్దు. ఇదే నయం. దాని మాటలు మనసులో పెట్టుకోకు."

"పెట్టుకోలేదు."

"నాలుగు నెలలుగా ఇదే వరస. నువ్వొచ్చినప్పుడల్లా ఓ ముల్లు గుచ్చి పోతుంది."

"అననీ. ముడి నేనేగా వేశాను."

"వేశావు."

"ఊ."

"పెద్దమేస్త్రి ఏమనేవాడు బావా, మనం పనిలో చేరిన కొత్తలో? తాడు గురించి?"

"ఇప్పుడెందుకది."

"చెప్పు. మర్చిపోయాను."

"నువ్వు మర్చిపోలేదు."

"చెప్పు."

"ఎవరి నడుముకి వాళ్ళు ముడి వేసుకోకూడదు. జతగాడే వెయ్యాలి."

"ముడి ఎక్కడుండాలి?"

"వీపు మీద. చేతికి అందకూడదు."

"ఎవరు విప్పాలి?"

"వేసినవాడే విప్పాలి."

"ఎందుకట?"

"పైన అలసిపోయినవాడి చేతులకి బుద్ధుండదని."

"అదీ. ముసలాయన చదువుకోలేదు గానీ, ఆ ఒక్క మాటకి ఆయన్ని పీఠం ఎక్కించి ప్రసంగం చెయ్యమనొచ్చు. ఆ నలుగురి గురించి కూడా అదే ఆలోచిస్తాను నేను. మంచానికి నాలుగు మూలలా నాలుగు తాళ్ళు కట్టి ఉంటారు. నాలుగు ముళ్ళు. నలుగురూ ఒకే తీరుగా వదలాలి. ఒక్కడు తొందరపడితే లోపలివాడు తలకిందులే. వాడు వెల్లకిలా పడుకుని పైకి చూస్తున్నాడు. వాడి చేతిలో ఏమీ లేదు. ప్రభువు వాళ్ళ విశ్వాసం చూశాడని ఉంది. వాళ్ళది. మంచం మీదవాడిదని లేదు."

"ఊ."

"చూసి ఏమన్నాడు? లే అన్నాడా?"

"అన్నాడుగా."

"తర్వాత అన్నాడు. ముందు, నీ పాపాలు క్షమించాను అన్నాడు. పైన నలుగురి మొహాలు ఎలా ఉండి ఉంటాయో ఊహించు. చేతులు బొబ్బలెక్కి, చెమటలు కారుతూ, పరాయివాడి కప్పు పాడుచేసి, తీరా దింపితే ఆయన కాళ్ళ మాటెత్తడు. స్వామీ, మేం వచ్చింది దానికి కాదు, కాళ్ళకి అని అరవాలనిపించి ఉంటుంది."

"అరిచారా?"

"లేదు. నేనైతే అరిచేవాణ్ణి, నాలుగు నెలల కిందట. ఇప్పుడు అరవను. ఆయన సరైన చోటే మొదలుపెట్టాడు. కాళ్ళు లేకపోయినా పూట గడుస్తోంది బావా. ఆ పాపం సంగతి తేలకే ముద్ద దిగటం లేదు."

"నీకేం పాపాలున్నాయిరా. పడుకో కాసేపు."

"నీ ముడి జారలేదు బావా."

"పడుకో."

"విన్నావా నేనన్నది?"

"విన్నాను."

"నేనే విప్పుకున్నాను. తాడు చాల్లేదు. కొప్పు చివర మూడు పెంకులు మిగిలాయి. దిగాలి, తాడు ఇంకో దూలానికి మార్చాలి, మళ్ళీ నువ్వు ముడి వెయ్యాలి, మళ్ళీ ఎక్కాలి. అరగంట. అవతల మబ్బు పట్టింది. తాడు నడుం చుట్టూ ముందుకి తిప్పుకున్నాను. విప్పాను. మూడేగా అనుకున్నాను. రెండు పెట్టాను. మూడోది చేతిలో ఉంది."

"ఊ."

"ఆసుపత్రిలో కళ్ళు తెరిచేసరికి అందరూ ముడి జారిందంటున్నారు. నువ్వు గుమ్మం దగ్గర నిలబడి, అవును, నేను వేసిన ముడేనంటున్నావు. కాదని చెబుదామనే అనుకున్నాను. ముందు మాట రాలేదు. మాట వచ్చాక, రేపు చెబుదాంలే అనుకున్నాను. అప్పటికే మా ఆవిడ నిన్ను అనడం మొదలుపెట్టింది. పంతొమ్మిదేళ్ళ జతగాడు, ఒక్క ముడి సరిగ్గా వెయ్యలేకపోయాడు అని. ఆ మాటని పట్టుకునే అది బతుకుతోంది బావా. నా మీదికి మళ్ళిస్తే నన్ను తిప్పడానికి చేతులాడతాయా దానికి? అలా అనుకున్నాను. అనుకుని నోరు మూసుకున్నాను."

"అందుకేనా బల్ల వద్దన్నావు?"

"నీ సోదరుడికి నీ మీద ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలేసి ముందు వెళ్ళి సమాధానపడు అన్నాడుగా ఆయన. వెళ్ళాలి అన్నాడు. నాకు కాళ్ళేవి అని నేను ఆయనతోనే వాదించాను. కానీ నువ్వే వస్తున్నావు. వచ్చి ఎదురుగా కూర్చుంటున్నావు. పదహారు శనివారాలు, లెక్కపెట్టాను. అడుగు వేసే పని కూడా లేదు నాకు. అయినా చెప్పలేదు."

"దుప్పటి జారింది, ఉండు."

"దుప్పటి సంగతి తర్వాత. తిట్టు బావా."

"ఎందుకు తిట్టడం."

"నాలుగు నెలలు నువ్వు మోశావు. చేసింది నేను. కొట్టు పోనీ. నడుం కింద కొట్టు, నొప్పి తెలియదు."

"ఊరుకోరా."

"కోపం రాలేదా?"

"రాలేదు."

"బాధ?"

"లేదు."

"నీ ముడి గట్టిదేనని తెలిసింది కదా. గుండె తేలికపడలేదా? ఏదో ఒకటి అనిపించాలిగా?"

"నీ బొటనవేలు నొక్కినట్టుంది."

"అలా అయిపోయావా బావా?"

"అలాగే ఉంటోంది. నాలుగు నెలలుగా."

"నా వల్లే. ఉండు, దాన్ని పిలుస్తాను. నీ ఎదురుగానే చెప్పేస్తాను. నీ కాళ్ళ మీద పడి తప్పయిందంటుంది, చూడు. ఏమే. ఏమే, దుప్పట్లు అక్కడ వదిలేసి ఒకసారి కిందికి రా."

"పిలవకు."

"పిలవాలి. నీ మీద మచ్చ పోవాలి."

"పిలవకురా. వస్తే రానీ గానీ, నువ్వేం చెప్పకు. ముందు నన్ను చెప్పనీ."

"నువ్వు చెప్పేదేముంది?"

"రేపు ఎక్కుతాను."

"ఎక్కుతావా?"

"ఎక్కుతాను. నలుగురిని నేనే పిలుస్తాను. నిన్ను మోసుకెళ్తాం. ముడి నువ్వే వెయ్యి."

"అంతకంటే ఏం కావాలి బావా. ఇందాకే ఆ మాట అని ఉంటే, నేను ఇంత కక్కాల్సిన పని..."

"ఒక్క మాట విను. ముడి వేశాక, నా పని అయిపోయిందని కళ్ళు మూసుకోకు. వెల్లకిలా పడుకునే ఉంటావుగా, కన్నంలోంచి పైకే చూస్తూ ఉండు. నేను తాడు ముందుకి తిప్పుకుంటే కేకెయ్యాలి. మందిరం అదిరిపోయేలా."

"నువ్వెందుకు తిప్పుకుంటావు?"

"అలసిపోయినవాడి చేతులకి బుద్ధుండదన్నాడుగా ముసలాయన."

"అది పైవాడి సంగతి బావా. కిందివాడికేం?"

"కిందివాడి నోటికీ ఉండదురా. ఆ రోజు నేను నిచ్చెన దగ్గరే నిలబడ్డాను. నువ్వు తాడు తిప్పుకోవడం, ముడి విప్పడం, అంతా చూశాను. మూడు పెంకులేగా, తొందరగా ఇంటికి పోవచ్చు అనుకుని, వద్దని అరవలేదు."